గాలిపటానికి పూర్తి అదనపు బాధ్యతలు

మా ఆఫీసు కంప్యూటరు చెడిపోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. కరెంటు ఉంది, ఇంటర్నెట్టు ఉంది, ఈమెయిలు వేళకే వచ్చింది, అందులో నీలం అక్షరాల లింకు కూడా ఉంది. ఆ లింకు నొక్కితే వెబ్ పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. జరిగింది అంతే. ఇంకెక్కడైనా ఇది రెండు నిమిషాల పని. మా దగ్గర ఎనభై నాలుగు పేజీల ఫైలయింది. ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నేనే కట్టాను కాబట్టి చెప్పే అర్హత నాకే ఉంది.

మాది వాన లెక్కల శాఖ. జిల్లాలో పదహారు కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రంలో ఆరుబయట ఓ డబ్బా, దాని మీద గరాటు, పక్కన కొలపాత్ర. పొద్దున్న ఎనిమిదిన్నరకి రీడరు వెళ్ళి ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి ఫోన్లో చెబితే, మేం రిజిస్టర్లో ఎక్కించి పైకి పంపుతాం. ఏ కేంద్రం నుంచైనా వివరం రాకపోతే అక్కడ వాన పడనట్టే లెక్క. 'నిల్' అని రాసేస్తాం. ఈ నిబంధన నేను పెట్టింది కాదు, నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. నేను ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ సీనియర్ అసిస్టెంటుని. నా పేరు అప్పలాచార్యులు, ఆఫీసులో ఆచారిగారంటారు.

మూడో తారీఖున వచ్చిన ఆ ఈమెయిలు మా తాడిగూడ కేంద్రం రీడరు వంజరపు ఆదిలక్ష్మి బదిలీ గురించి. తాడిగూడ అంటే కొండమీద ఊరు. రెండు బస్సులు మారి, ఆపైన గంట నడవాలి. అక్కడ ఆవిడ ఏడేళ్ళుగా ఒక్క పూట మానకుండా వాన కొలుస్తోంది. ఆవిడ కూతురు కుసుమకి ఆరేళ్ళు, పుట్టుకతోనే వినికిడి తక్కువ. చెవికి మిషను పెట్టి మాటలు నేర్పే బడి మా టౌన్లోనే ఉంది. పిల్లని ఆ బడిలో వేసి, అక్క ఇంట్లో ఉంచి, ఆదివారం ఆదివారం వచ్చి చూసి పోతోంది. టౌన్లో మా ఆఫీసు ఆవరణలోనే ఓ కేంద్రం ఉంది, దాని రీడరు రిటైరయ్యాడు. 'ఆ స్థానం మీకు కేటాయించబడినది. దిగువ లింకు నొక్కి పద్దెనిమిదో తేదీ సాయంత్రం అయిదు గంటల్లోగా అంగీకారం తెలుపనిచో తాడిగూడలోనే కొనసాగుటకు సమ్మతించినట్లు భావించబడును' అని ఈమెయిలు.

"గురువుగారూ, మీ నోట్లో పంచదార పొయ్య," అంది ఆదిలక్ష్మి ఫోన్లో చెప్పగానే. మర్నాడు పొద్దున్న వాన కొలిచి మరీ బస్సెక్కి వచ్చింది.

నేను లింకు నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. తెర మీద ఓ చిన్న పెట్టె లేచింది: 'లింకు తెరుచుటకు డిఫాల్ట్ బ్రౌజరు లేదు.' ఆవిడ నొక్కింది, అదే పెట్టె. జిలానీని పిలిచాను. జిలానీ మా కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు మెకానిక్కు, నలభై అయిదేళ్ళ మనిషి, పని తెలిసినవాడు. మా ఆఫీసులో అదొక్కటే అతని లోపం.

"సార్, ఈమెయిల్లో లింకు తనంతట తాను తెరుచుకోదు. నొక్కితే పోయి బ్రౌజర్ని పిలుస్తుంది, బ్రౌజరొచ్చి పేజీ తెరుస్తుంది. దీంట్లో దీపం బొమ్మ బ్రౌజరుండేది, పాతదైపోయిందని పోయిన నెల తీసేశాం కదా. ఇప్పుడు లింకు ఎవర్ని పిలవాలో దానికి తెలీట్లేదు. ఇంకా రెండు బ్రౌజర్లున్నాయి, పడవ బొమ్మది, గాలిపటం బొమ్మది. ఏదో ఒకదాన్ని డిఫాల్టుగా పెడితే సరి. రెండు నొక్కులు."

జిలానీ మౌసు మీద చెయ్యి వేశాడు. అప్పుడే సూపరింటెండెంటు ఛాయాదేవిగారు లోపలికొచ్చారు.

ఛాయాదేవిగారు చెడ్డమనిషి కాదు. ఒకరి దగ్గర కాఫీ తాగి ఎరగరు, ఒకర్ని పల్లెత్తు మాటనరు. నిబంధనల పుస్తకం మాత్రం ఆవిడకి కంఠతా వచ్చు, పేజీ నంబర్లతో సహా. మా శాఖ కష్టాలన్నీ ఆ పేజీ నంబర్ల దగ్గరే మొదలవుతాయి.

"దీపం స్థానం ఖాళీగా ఉందన్నమాట," అన్నారు ఆవిడ.

"ఖాళీ ఏం లేదు మేడమ్, రెండు నొక్కులు."

"జిలానీగారూ, ఒక స్థానం ఖాళీ అయితే అందులో ఎవర్ని కూర్చోబెట్టాలో మీరూ నేనూ నిర్ణయించం. ఇన్‌చార్జి ఉత్తర్వులుండాలి. ఉత్తర్వులు కావాలంటే సీనియారిటీ తేలాలి. ఇద్దరున్నారంటున్నారు. రేపు రెండోవాళ్ళు తమకి అన్యాయం జరిగిందంటే ఎవరు సమాధానం చెబుతారు?"

జిలానీ నా మొహం చూశాడు. నేను ఫైలు మొహం చూశాను.

"పోనీ మేడమ్, లింకుని కాపీ కొట్టి గాలిపటంలో అతికిస్తాను. ఈ పూటకి ఆవిడ పని అయిపోతుంది."

"చార్జి లేనివాళ్ళతో పని చేయించుకోవడమా? తనిఖీకి వచ్చినవాళ్ళు చూస్తే ముందు నా ఉద్యోగం పోతుంది."

ఆదిలక్ష్మి తన ఫోను తీసింది. ఛాయాదేవిగారు గోడ మీద అంటించిన సర్క్యులరు చూపించారు. ఆఫీసు లింకు ఆఫీసు గడప దాటరాదు, సూపరింటెండెంటు సమక్షంలో ఆఫీసు యంత్రం మీదనే నొక్కవలెను అని ఉంది అందులో. ఆదిలక్ష్మి దాన్ని పైనుంచి కిందికి చదివి, ఫోను మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"ఎన్నాళ్ళవుతాదండి?" అంది.

"పద్దెనిమిది దాకా టైముంది కదమ్మా," అన్నాన్నేను. ఆ మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. ఇరవై ఆరేళ్ళ అలవాటు నోట్లోంచి వచ్చేసింది.

మా జిల్లా అధికారి పేరిచర్ల భీమరాజుగారు. మాట్లాడేటప్పుడు ఆయన ఎదటి మనిషిని చూడరు, గోడమీద జిల్లా పటాన్ని చూస్తారు. ఫైలు పెట్టగానే పటంకేసి చూసి, "ఈ అంశాన్ని సమగ్రంగా, సానుకూలంగా, నిబంధనలకు లోబడి, ఎవరి మనోభావాలకూ భంగం కలగని రీతిలో పరిశీలించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది," అన్నారు. "ఓ కమిటీ వేద్దాం."

కమిటీ అంటే ఆయన, ఛాయాదేవిగారు, నేను. జిలానీ ప్రత్యేక ఆహ్వానితుడు, అంటే నిలబడి ఉంటాడు.

ముందుగా సీనియారిటీ. పడవ మా కంప్యూటర్లోకి పోయినేడు మార్చిలో వచ్చింది, గాలిపటం జూన్‌లో వచ్చింది. చేరిన తేదీ ప్రకారం పడవే సీనియరు. అయితే లోకంలో ముందు పుట్టింది గాలిపటం, నాలుగేళ్ళు పెద్దది. చేరిన తేదీయా, పుట్టిన తేదీయా అని గంటంపావు చర్చ జరిగింది. చివరికి ఛాయాదేవిగారు జిలానీని అడిగారు, ఈ ఇద్దరి పనితీరు ఎలా ఉందని.

"పడవ అప్పుడప్పుడు మధ్యలో ఆగిపోతుంది మేడమ్," అన్నాడు జిలానీ. పాపం, ఉన్నమాటే అన్నాడు.

"చెప్పకుండా ఆగిపోతుందా?"

"చెప్పి ఎలా ఆగుద్ది మేడమ్?"

"అనుమతి లేని గైర్హాజరు," అని ఆవిడ నా చేత రాయించారు. ఆ దెబ్బతో పడవ సర్వీసులో విరామం వచ్చినట్టయింది, సీనియారిటీ పోయింది, గాలిపటం జాబితాలో మొదటికి ఎక్కింది. తాత్కాలిక సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద అంటించాం. అభ్యంతరాలు తెలపడానికి ఏడు రోజులు గడువు. ఒక ప్రతి గాలిపటానికి, ఒక ప్రతి పడవకి. ప్రతులు ఎక్కడ ఇవ్వాలో తెలీక కంప్యూటరు డబ్బాకి రెండు వైపులా అంటించాను.

ఆ ఏడు రోజులూ ఆదిలక్ష్మి రోజు విడిచి రోజు వచ్చింది. పొద్దున్న ఎనిమిదిన్నరకి వాన కొలిచి, రెండు బస్సులు మారి, మూడున్నరకి ఆఫీసు చేరేది. నోటీసు బోర్డు చదివేది. 'అభ్యంతరాలు ఏమీ రాలేదు' అని నేను చెబితే తలూపి, పావుగంట కూతుర్ని చూసుకోడానికి పరిగెత్తి, ఆఖరి బస్సు పట్టుకునేది. ఒకరోజు మాత్రం నా బల్ల ముందు నిలబడిపోయింది.

"గురువుగారూ, పిల్ల నా నోటికేసి చూసి మాటలు నేరుస్తాది. బళ్ళో టీచరు సెప్పింది, తల్లి రోజూ ఎదురుగా కూకోవాల, లేకపోతే నేరిసినవి కూడా పోతాయని. పోయిన నెల 'అమ్మ' బాగా అంది. ఇప్పుడు 'అ' దగ్గరే ఆగిపోతంది."

మౌసు నా చేతికి జానెడు దూరంలో ఉంది. రెండు నొక్కులు. ఎక్కడ నొక్కాలో జిలానీ నాకు చూపించాడు కూడా. నేను నొక్కలేదు. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది, మెమో పడుతుందేమోనని భయం. ఛాయాదేవిగారి మీదా భీమరాజుగారి మీదా ఎంతైనా చెబుతాను కానీ, ఆ రోజు నొక్కనిది నేనే.

అభ్యంతరాల గడువు ముగిసింది. 'ఉభయులూ అభ్యంతరాలు దాఖలు చేసియుండలేదు' అని రాశాను. ఆ తర్వాత గాలిపటానికి సర్వీసు రిజిస్టరు తెరిచాం. తండ్రి పేరు దగ్గర తయారుచేసిన కంపెనీ పేరు రాశాను. ఎత్తు రాయాలన్నారు, తెర మీద స్కేలు పెట్టి కొలిస్తే ఒకటింపావు సెంటీమీటరు వచ్చింది. పుట్టుమచ్చల దగ్గర 'తోక మీద రెండు ముడులు' అని రాశాను. ఆరోగ్య ధ్రువపత్రం జిలానీ ఇచ్చాడు. 'పరీక్షించితిని, అంటురోగములు లేవు' అని రాసి సంతకం పెడుతూ, "వైరస్సులు లేవు సార్, అది నిజమే," అన్నాడు నా చెవిలో.

ఇంతలో భీమరాజుగారికి ఇంకో అనుమానం వచ్చింది. బ్రౌజరు ఇన్‌చార్జి ఉత్తర్వులు ఇచ్చే అధికారం జిల్లా స్థాయిలో ఉందా, రాష్ట్ర స్థాయిలోనే ఉందా? స్పష్టత కోరుతూ పైకి రాశాం. నాలుగో రోజుకి ఈమెయిలొచ్చింది. 'మీరు కోరిన స్పష్టత దిగువ లింకు నందు కలదు.'

నలుగురం ఆ లింకు చుట్టూ నిలబడి చాలాసేపు చూశాం.

"నొక్కమంటారా సార్?" అన్నాడు జిలానీ.

"నొక్కి లాభం లేదని తెలిసి నొక్కడం కాలయాపన," అన్నారు భీమరాజుగారు. ఈమెయిలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టి, 'స్పష్టత అందినది' అని రాయించారు.

పద్దెనిమిదో తారీఖు. ఆదిలక్ష్మి పొద్దున్న పదకొండుకే వచ్చేసింది. తాడిగూడలో డబ్బా చూసే పని సుకిరి అనే ఆవిడకి అప్పజెప్పి, తెల్లవారకుండానే బయల్దేరిందట. బెంచీ మీద కూచుని గోడగడియారంకేసి చూస్తోంది. తాను తెచ్చుకున్న క్యారేజీ మూత కూడా తీయలేదు. భీమరాజుగారు కలెక్టరాఫీసులో మీటింగుకి వెళ్ళారు. రెండయింది, మూడయింది, నాలుగయింది. నాలుగున్నరకి జీపు వచ్చింది.

నేను ఫైలు పట్టుకుని జీపు దగ్గరికే పరిగెత్తాను. ఆయన జీపులోంచే సంతకం పెట్టారు. 'గాలిపటమునకు, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, లింకులు తెరుచు స్థానము నందు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది.'

"జాయినింగ్ రిపోర్టు?" అన్నారు ఛాయాదేవిగారు గుమ్మంలో.

"రాసి తెచ్చాను మేడమ్," అన్నాన్నేను. గాలిపటం తరఫున జిలానీ సంతకం పెట్టాడు. అప్పటికి నాలుగూ యాభై రెండు. జిలానీ రెండు నొక్కులు నొక్కాడు. ఆదిలక్ష్మి వచ్చి లింకు నొక్కింది. పేజీ తెరుచుకుంది. 'అంగీకరిస్తున్నాను' అన్న మాట మీద ఆవిడ ఎంత గట్టిగా నొక్కిందంటే మౌసు కిందున్న అట్ట జారిపోయింది.

అయిదుకి నాలుగు నిమిషాలుంది. ఆవిడ బెంచీ మీద కూచుని అప్పుడు క్యారేజీ మూత తీసింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మీరు ఎన్నడూ సర్కారు కొలువు చేయలేదన్నమాట. వారానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. లింకు నొక్కితే చక్కగా తెరుచుకుంది కూడా, గాలిపటం చార్జిలో ఉంది కదా. ఉత్తర్వు చివర ఓ వాక్యం ఉంది. 'సదరు రీడరు, తగిన ఉద్యోగికి చార్జి అప్పగించిన పిదపనే రిలీవ్ చేయబడవలెను.'

తాడిగూడకి వెళ్ళే తగిన ఉద్యోగి ఎవరు? ఒకతనికి ఉత్తర్వు ఇస్తే నడుం నొప్పని సెలవు పెట్టాడు. ఇంకొకతను ఊరి పేరు వినగానే తలనొప్పన్నాడు, ఉత్తర్వు ఇవ్వకముందే. నెలన్నర గడిచింది. ఆదిలక్ష్మి ఆదివారాలు వచ్చి పోతూనే ఉంది. ఇప్పుడు ఆవిడ నన్నేమీ అడగడం లేదు. అడగకపోవడమే నాకు కష్టంగా ఉంది. పొద్దున్న ఫోన్లో వాన లెక్క చెప్పినప్పుడు పిల్ల ఎలా ఉందమ్మా అంటే, "ఉందండి," అంటోంది.

ఆ మాట విన్న సోమవారం నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ సర్వీసులో మొదటిసారి, ఎవరూ అడక్కుండా నా అంతట నేను ఓ నోటు రాశాను.

'తాడిగూడ కేంద్రము నందు చార్జి తీసుకొనుటకు అర్హులైన వారిని పరిశీలించగా, ఈ కార్యాలయము నందలి శ్రీ గాలిపటము గారు సీనియారిటీ జాబితాలో ప్రథమ స్థానమున ఉన్నారు. వీరిపై అభ్యంతరములు లేవు. సర్వీసు రిజిస్టరు ఉన్నది. ఆరోగ్యము సంతృప్తికరము. కుటుంబ బాధ్యతలు లేవు. ఇంతవరకు ఒక్క సెలవైనను వాడుకొనియుండలేదు. కొండ ప్రాంతమునకు వెళ్ళుటకు విముఖత వ్యక్తము చేయలేదు. ఆదేశముల నిమిత్తము సమర్పించడమైనది.'

ఛాయాదేవిగారు ఆ నోటు రెండుసార్లు చదివారు. ఆవిడ నిబంధనల పుస్తకం తీసి, ఏదో పేజీ చూసి, మూసేశారు.

"సర్వీసు రిజిస్టరు ఉన్న ఎవరికైనా చార్జి ఇవ్వొచ్చు," అన్నారు మెల్లిగా. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆచారిగారూ, ఒకళ్ళు రెండు చోట్ల ఉండలేరు. తాడిగూడ పంపేముందు ఇక్కడ లింకుల చార్జి నుంచి రిలీవ్ చెయ్యండి. అది మర్చిపోతే ఫైలు వెనక్కొస్తుంది," అన్నారు. ఆవిడ నవ్వారా లేదా అని అడిగితే ప్రమాణం చేసి చెప్పలేను. సంతకం మాత్రం పెట్టారు.

భీమరాజుగారు పటం చూస్తూ, "ఎవరీ గాలిపటం?" అన్నారు.

"మన ఆఫీసులోనే సార్. మీరే చార్జి ఇచ్చారు."

"మనిషెలాంటివాడు?"

"ఎదురు మాట్లాడ్డు సార్."

"అలాంటివాళ్ళే శాఖకి కావాలి," అంటూ సంతకం పెట్టేశారు.

జిలానీ మళ్ళీ రెండు నొక్కులు నొక్కి గాలిపటాన్ని లింకుల పని నుంచి తప్పించాడు. తాడిగూడ చార్జి కాగితాల మీద ఇచ్చినవారి చోట ఆదిలక్ష్మి, తీసుకున్నవారి చోట గాలిపటం తరఫున జిలానీ. ఆవిడ సంతకం పెట్టడానికి పెన్ను తీసి ఆగిపోయింది.

"గురువుగారూ, రేపు పొద్దున్న ఎనిమిదిన్నరకి వాన ఎవరు సూస్తారండి? ఏడేళ్ళలో ఒక్కనాడు లెక్క తప్పలేదు."

"కాగితం మీద గాలిపటం చూస్తుందమ్మా."

ఆవిడకి ఆ సమాధానం నచ్చలేదు. సాయంత్రం సుకిరికి ఫోను చేసి, రోజూ కొలిచి నోటు పుస్తకంలో రాసి ఉంచమంది. ఆఫీసుకి చెప్పక్కర్లేదు, రాసి ఉంచు చాలు అంది. అప్పుడు సంతకం పెట్టింది.

మర్నాడు ఎనిమిదిన్నరకి తాడిగూడ నుంచి వివరం రాలేదు. 'నిల్' అని రాశాను. ఆ మర్నాడూ నిల్. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం అన్నీ నిల్. సుకిరి నోటు పుస్తకంలో ఒక్క శ్రావణంలోనే నాలుగొందల మిల్లీమీటర్లు దాటింది, దారిలో వంతెన కొట్టుకుపోయింది. మా రిజిస్టరు ప్రకారం మాత్రం అక్కడ దుమ్ము లేస్తోంది. గాలిపటానికి ఆగస్టు పదిహేనున ఉత్తమ సేవా ప్రశంసాపత్రం కూడా వచ్చింది, ఒక్క పూట సెలవు పెట్టనందుకు.

నిన్న మధ్యాహ్నం రాష్ట్ర ఆఫీసు నుంచి అతి జరూరు ఈమెయిలొచ్చింది. 'తాడిగూడ కేంద్రము నందు మూడు మాసములుగా ఒక్క చినుకైనను పడకుండుటకు గల కారణములు దిగువ లింకు ద్వారా సాయంత్రము అయిదు గంటల్లోగా తెలుపవలెను.'

భీమరాజుగారు స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చి నొక్కారు. పాత పెట్టె లేచింది: 'లింకు తెరుచుటకు డిఫాల్ట్ బ్రౌజరు లేదు.'

"చార్జి గాలిపటానికిచ్చాం కదా. ఏడీ?"

"తాడిగూడలో డ్యూటీలో ఉన్నాడు సార్."

"వెంటనే పిలిపించండి."

"కొండ ప్రాంతానికి పంపినవాళ్ళని మూడేళ్ళ లోపు కదపకూడదు," అన్నారు ఛాయాదేవిగారు తన బల్ల దగ్గర్నుంచి, తల ఎత్తకుండా. పేజీ నంబరు కూడా చెప్పారు.

భీమరాజుగారు చాలాసేపు జిల్లా పటంలో తాడిగూడ ఎక్కడుందో వెతికారు. "అయితే పడవ సంగతి చూడండి," అని లోపలికి వెళ్ళిపోయారు. నేను కొత్త ఫైలు తీసి, తాడు కట్టి, మొదటి పేజీ నంబరు వేశాను.

రాత్రి బాగా కురిసింది. ఈ రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి కిటికీలోంచి చూస్తే, ఆవరణలో డబ్బా పక్కన ఆదిలక్ష్మి గొంతుక్కూచుని కొలపాత్ర పట్టుకుంది. ఎదురుగా కుసుమ, చెవికి మిషను, భుజానికి బడి సంచి. తల్లి నోటికేసి చూస్తోంది. తల్లి ఓ అంకె పలికింది. పిల్ల పెదాలు కదిపింది. తల్లి మళ్ళీ పలికింది, ఇంకా మెల్లిగా.

"ము...ప్పై... రెం... డు," అంది కుసుమ.

ఆదిలక్ష్మి నాకు చెప్పడానికి కిటికీ వైపు తిరిగింది. అక్కర్లేదమ్మా, వినిపించింది అన్నాను. టౌను కేంద్రం గడిలో ముప్పై రెండు అని రాశాను. తాడిగూడ గడిలో నిల్ అని రాశాను.